జ్వరం తగ్గినా తగ్గని బాధలు: లెక్కకు రాని రోగులెందరు?

నెల్లూరు తీరప్రాంతం: ఈశాన్య రుతుపవనాల వానలు మొదలుకాగానే తీర మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వద్ద జ్వరపీడితులు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. ఎందరికి జ్వరం వచ్చింది, ఎన్ని రక్తనమూనాలు సేకరించారు, ఏ గ్రామంలో వైద్య శిబిరం పెట్టారు అన్న వివరాలను అధికారులు వెల్లడిస్తారు, పత్రికలు ప్రచురిస్తాయి. వానలు వెనుదిరిగాక ఆ ప్రస్తావన కూడా ముగుస్తుంది. జ్వరం తగ్గి నెలలు గడిచినా పిడికిలి బిగించలేక వల లాగడం మానుకున్నవారు, నడుము వంగక నాట్లకు పోలేనివారు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవారు ఎందరన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతోంది. వైరస్ జ్వరాల అనంతరం బాధలు ఎంతమందిలో, ఎంతకాలం కొనసాగుతాయన్నది వైద్యశాస్త్రంలో ఇరవై ఏళ్లుగా చర్చనీయాంశం. మన జిల్లాకు ఆ చర్చ కొత్తది కాదు. 2006 నాటి చికున్‌గున్యా, 2020 నాటి కొవిడ్ రెండూ ఈ తీరాన్ని తాకినవే.

ముప్పై రెండేళ్ల తర్వాత వచ్చిన జ్వరం

చికున్‌గున్యా మన రాష్ట్రానికి 2005 చివర్లో వచ్చిన కొత్త రోగమని చాలామంది భావిస్తారు. అది వాస్తవం కాదు. 1963లో కలకత్తాను, 1964లో మద్రాసును కుదిపిన ఈ జ్వరం 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాల్లో ప్రబలింది. 1973లో మహారాష్ట్రలోని బార్శీలో కనిపించాక దాదాపు ముప్పై రెండేళ్లు దేశంలో దాని ఊసు పెద్దగా వినిపించలేదు. ఆ వ్యవధిలో ఒక తరం మారిపోయింది. శరీరంలో నిరోధకశక్తి ఉన్నవారు తగ్గిపోయారు, రోగాన్ని గుర్తుపట్టగల వైద్యులూ తగ్గిపోయారు. అందుకే 2005 చివర్లో రాయలసీమ పల్లెల్లో అది తిరిగి తలెత్తినప్పుడు తొలి వారాల్లో దానికి పేరు పెట్టగలిగినవారే కరవయ్యారు. పేరు తెలిశాక మరో తికమక. అందులో 'చికున్' ఉన్నదని కోడిమాంసం మానేసిన ఇళ్లు ఎన్నో. నిజానికి అది టాంజానియా, మొజాంబిక్ సరిహద్దులో నివసించే మకొండే జాతి వారి భాషలోని మాట. ఒంటిని వంచివేసేది అని దాని భావం. 1952-53లో అక్కడే ఈ వ్యాధిని తొలిసారిగా గుర్తించారు. మన పల్లెల్లో మాత్రం దానికి 'కీళ్ల జ్వరం' అన్న పేరే నిలిచింది.

2006లో దేశవ్యాప్తంగా దాదాపు 13.9 లక్షల మంది చికున్‌గున్యా అనుమానితులుగా నమోదయ్యారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 77 వేలకు పైచిలుకు. ఈ అంకెను ఉన్నదున్నట్లు నమ్మడం కష్టం. ఊరు ఊరంతా మంచం పట్టిన రోజుల్లో సర్కారు ఆసుపత్రి దాకా వెళ్లినవారు కొందరే. మిగిలినవారు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఇంట్లోనే పడి ఉన్నారు. రక్తపరీక్షతో నిర్ధారణ అయినవారి సంఖ్య మరీ స్వల్పం. జ్వరం వచ్చినవారి లెక్కే ఇంత అసంపూర్తిగా ఉండగా, తర్వాత ఏడాదిపాటు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నవారి లెక్కను ఎక్కడ వెదకాలి?

తీరప్రాంతంలో ఈ జ్వరానికి అనువైన పరిస్థితి మరొకటి ఉంది. చికున్‌గున్యాను, డెంగీని మోసుకొచ్చే ఈడిస్ దోమ మురుగు గుంటల కంటే ఇంట్లో నిలవ ఉంచిన మంచినీటినే ఎక్కువగా ఆశ్రయిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రామాల్లో, పట్టపుపాలేల్లో భూగర్భజలం ఉప్పన. కుళాయి వచ్చినప్పుడో, ట్యాంకరు వచ్చినప్పుడో డ్రమ్ముల్లో, తొట్లలో, బిందెల్లో నీరు పట్టి రోజుల తరబడి దాచుకోక తప్పదు. వారానికొకసారి తొట్టి ఆరబెట్టండి అని సిబ్బంది చేసే ప్రచారం సబబైనదే. అయితే నాలుగు రోజులకొకసారి నీళ్లు వచ్చే వీధిలో తొట్టి ఆరబెట్టమనడం ఎంతవరకు ఆచరణసాధ్యమో కూడా ఆలోచించాలి.

57 శాతమా, 4 శాతమా?

హిందూమహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌లో 2005-06లో జనాభాలో మూడోవంతుకు చికున్‌గున్యా సోకింది. అక్కడ రక్తపరీక్షలో వ్యాధి నిర్ధారణ అయిన 147 మందిని పదిహేను నెలల తర్వాత పరిశీలించగా 57 శాతం మంది కీళ్లనొప్పులు ఇంకా ఉన్నాయనో, తగ్గి మళ్లీ తిరగబెడుతున్నాయనో చెప్పారు. నలభై అయిదేళ్లు దాటినవారు, మొదటి వారంలోనే నొప్పులు తీవ్రంగా ఉన్నవారు, అంతకుముందే కీళ్ల అరుగుదల ఉన్నవారు వీరిలో అధికం.

మన పొరుగునే జరిగిన మరో పరిశీలన దీనికి పూర్తిగా భిన్నమైన చిత్రాన్ని చూపింది. పుణెకు చెందిన కీళ్లవ్యాధుల నిపుణుడు అరవింద్ చోప్రా బృందం 2006లో మహారాష్ట్రలోని ఒక పల్లెలో ఇంటింటికీ తిరిగి, జ్వరం వచ్చిన 509 మందిని గుర్తించి రెండేళ్లపాటు అనుసరించింది. అత్యధికులు కొద్ది వారాల్లోనే కోలుకున్నారు. ఏడాది తర్వాత నొప్పులు మిగిలినవారు దాదాపు 4 శాతం. రెండేళ్లకు ఆ సంఖ్య 2 శాతం లోపునకు దిగింది. కీళ్లు వాచి, వంకరలు తిరిగే కీళ్లవాతాన్ని పోలిన జబ్బుగా మారినవారు అంతకంటే చాలా అరుదు.

ఒకే వైరస్, దాదాపు ఒకే కాలం. ఒకచోట సగానికి మించి, మరోచోట నూటికి నలుగురు. ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం లెక్కించిన తీరులోనే ఉంది. రీయూనియన్‌లో లెక్కకు వచ్చినవారు వైద్యుని ఆశ్రయించి, పరీక్ష చేయించుకున్నవారు. బాధ ఎక్కువైతేనే కదా ఎవరైనా అంతదూరం వెళ్లేది! మహారాష్ట్ర పల్లెలో రెండు రోజుల జ్వరంతో సరిపోయినవారూ లెక్కలో చేరారు. ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని లెక్కిస్తే రోగం భయంకరంగానూ, ఊరి నడుమ నిలబడి లెక్కిస్తే తేలికగానూ కనిపించడం సహజం.

అయితే పల్లె లెక్కకూ లోపాలున్నాయి. అందరికీ రక్తపరీక్ష జరగలేదు గనుక వేరే జ్వరాలవారు కొందరు అందులో కలిసి శాతాన్ని తగ్గించి ఉండవచ్చు. అదీగాక మన పల్లెల్లో యాభై దాటిన మనిషి మోకాలి నొప్పిని రోగంగా చెప్పుకోడు, వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాడు. దేశదేశాల అధ్యయనాలను గుదిగుచ్చిన సమీక్షలు చికున్‌గున్యా వచ్చినవారిలో మూడు నెలల తర్వాత పూర్తిగా కోలుకోనివారు 40 శాతం పైనే అంటున్నాయి. వాటిలోనూ అత్యధికం ఆసుపత్రి లెక్కలే. మన తీరగ్రామాలకు పల్లె లెక్కే దగ్గరగా ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అలాగని నాలుగు శాతమే కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. మూడు వేల జనాభా ఉన్న ఒక గ్రామంలో మూడోవంతు మంది మంచం పట్టారనుకుందాం. వెయ్యి మంది. వారిలో నాలుగు శాతమంటే నలభై మంది. ఏడాది తర్వాత కూడా పూర్తి కూలికి పోలేని మనుషులు ఒకే ఊళ్లో నలభై మంది ఉన్నారంటే, అది నలభై కుటుంబాల బియ్యం, వడ్డీ, పిల్లల చదువులతో ముడిపడిన విషయం. ఇదే గ్రామానికి రీయూనియన్ శాతం వర్తింపజేస్తే 570 మంది అవుతారు. వాస్తవానికి 2007లో మన పల్లెలు అంతగా కుంటుపడలేదు. ఆ నలభై మంది మాత్రం ఉన్నారు, వారిని ఎవరూ వెదకలేదు.

కొవిడ్ అనంతరం

రాష్ట్రంలో తొలి కొవిడ్ కేసు నమోదైనది నెల్లూరులోనేనన్నది విదితమే. ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి 2020 మార్చి 12న వ్యాధి నిర్ధారణ అయింది. ఆ తర్వాత రాష్ట్రంలో అధికారికంగా నమోదైన కేసులు 23 లక్షలు దాటాయి. 2021 మే నెలలో ఆనందయ్య మందు కోసం ముత్తుకూరు మండలం కృష్ణపట్నానికి వేలాదిగా జనం తరలివచ్చిన దృశ్యాలను దేశమంతా చూసింది. మే 21న రద్దీ అదుపు తప్పి పంపిణీ ఆగడం, నిపుణుల పరిశీలన అనంతరం అదే నెల 31న కంటిచుక్కలు మినహా మిగిలిన మందులకు ప్రభుత్వం అనుమతి ఇవ్వడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ఆరాటమంతా ప్రాణం నిలబెట్టుకోవడానికే. ప్రాణం నిలిచిన తర్వాత ఎలా ఉన్నారన్నది ఆ రద్దీలో ఎవరికీ పట్టని ప్రశ్న అయింది.

కొవిడ్ సోకిన మూడు నెలలకు కూడా కనిపిస్తూ, కనీసం రెండు నెలలు కొనసాగి, వేరే కారణం కనపడని లక్షణాలను కొవిడ్ అనంతర స్థితిగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. మొదట్లో ఇది నూటికి పది నుంచి ఇరవై మందిలో ఉంటుందని చెప్పిన ఆ సంస్థ ఇటీవలి కాలంలో నూటికి సుమారు ఆరుగురని పేర్కొంటోంది. 22 దేశాలకు చెందిన 12 లక్షల మంది వివరాలతో 2022లో వెలువడిన విశ్లేషణ కూడా 6.2 శాతమనే తేల్చింది. తీవ్రమైన అలసట, శ్వాస ఇబ్బందులు, మతిమరుపు వంటి మూడు రకాల బాధలనే అందులో లెక్కించారు. ఇరవై ఏళ్లు దాటిన స్త్రీలలో ఇది 10.6 శాతం, పురుషులలో 5.4 శాతం. ఆసుపత్రిలో చేరినవారికి ఈ బాధలు సగటున తొమ్మిది నెలలు, ఇంటి వద్దే కోలుకున్నవారికి నాలుగు నెలలు పట్టాయి. మూడు నెలలకు బాధలున్నవారిలో 15 శాతం మంది ఏడాది తర్వాతా కోలుకోలేదు.

ఇక్కడా ఆసుపత్రి లెక్క వేరు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 31 ఆసుపత్రుల నుంచి ఇంటికి వెళ్లిన 14,419 మందిని అనుసరించి 2023లో ఫలితాలు ప్రకటించింది. తొలి పరిశీలననాటికి, అంటే ఆసుపత్రి విడిచిన నాలుగు నుంచి ఎనిమిది వారాలలో, 17.1 శాతం మంది నీరసం, ఆయాసం, జ్ఞాపకశక్తి మందగించడం వంటి బాధలు చెప్పారు. ఏడాదిలోగా 6.5 శాతం మంది మరణించారు. మరణించినవారిలో వయసు మళ్లినవారు, ఇతర దీర్ఘరోగాలున్నవారు అధికం. వ్యాధి సోకకముందే టీకా వేయించుకున్నవారిలో ఆ ముప్పు తక్కువగా ఉన్నట్లు ఆ పరిశోధనే తెలిపింది.

ఆరు శాతమన్న లెక్కను రాష్ట్రంలో నమోదైన 23 లక్షల మందికి వర్తింపజేస్తే సుమారు లక్షా 38 వేల మంది అవుతారు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఆ బాధలు చాలామందికి ఏడాదిలోగా తగ్గిపోయి ఉంటాయి. కానీ కోలుకోవడానికి పట్టిన ఆ నెలల్లో వారెలా బతికారన్నదే అసలు విషయం.

'నటన' అన్న నింద

బాధితులకు నొప్పి కంటే ఎక్కువ కష్టం కలిగించేది అపనమ్మకం. పరీక్షల్లో ఏమీ కనపడదు. కాళ్లకు వాపు ఉండదు, జ్వరం ఉండదు, తిండి తింటూనే ఉంటారు. పనికి రమ్మంటే రాలేమంటారు. ముఖ్యంగా కోడళ్ల విషయంలో బద్ధకమన్న మాట తేలికగా పడిపోతుంది. స్త్రీలలోనే ఈ బాధలు ఎక్కువన్నది పైన చెప్పిన అంకెలు చూపుతున్నప్పుడు, ఆ మాట ఎందరి విషయంలో అన్యాయమైనదో ఊహించవచ్చు.

దీనిపై 2006లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సమాధానం ఇచ్చారు. డబ్బో అనే పట్టణ పరిసరాల్లో మూడు వేర్వేరు అంటురోగాలు సోకిన 253 మందిని వారు తొలిరోజుల నుంచే అనుసరించారు. ఆ మూడింటిలో ఒకటైన రాస్ రివర్ వైరస్ జ్వరం చికున్‌గున్యాకు దగ్గరి చుట్టం. ఆరు నెలల తర్వాత 12 శాతం మంది మంచం దిగలేనంత నీరసం, కండరాల నొప్పులు, ఏకాగ్రత కుదరకపోవడం వంటి బాధల్లో ఉన్నారు. రోగం ఏదైనా ఈ శాతం దాదాపు ఒకటే. ఎవరికి బాధలు మిగులుతాయన్నది మొదటి రోజుల్లో జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్న దానిపై ఆధారపడింది. రోగి మనస్తత్వానికి, అంతకుముందున్న దిగుళ్లకు దానితో సంబంధం కనపడలేదు. ఈ ఒక్క సంగతి ఊళ్లో నలుగురికీ తెలిస్తే కొన్ని ఇళ్లలో మాటలు తగ్గుతాయి.

సూదిమందు ఖరీదు

నమ్మేవారు లేనప్పుడు, పని మానితే గడవనప్పుడు మనిషి ఆశ్రయించేది సూదినే. తీరమండలాల్లో కీళ్లనొప్పి అంటే నొప్పిబిళ్లలు, స్టెరాయిడ్ సూదులు అనే పరిస్థితి 2006 నుంచి స్థిరపడింది. స్టెరాయిడ్ పడిన మర్నాడు మనిషి లేచి నడుస్తాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ కావాలి. నెలల తరబడి ఇలా సాగితే రక్తంలో చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం సైతం సంభవించడం వైద్యులందరికీ తెలిసినదే. నొప్పిబిళ్లల సంగతి మరొకటి. ఎండలో ఉప్పుమళ్లలోనూ, రొయ్యల గుంటలపైనా చెమటోడ్చి, తగినంత నీరు తాగని మనిషి రోజూ ఆ బిళ్లలు మింగితే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు అధికం. జ్వరం ఉన్న తొలి రోజుల్లోనైతే అవి అసలే తగవు. అది డెంగీ అయితే రక్తస్రావానికి దారితీయవచ్చు. డెంగీ కాదని తేలేదాకా పారాసిట్‌మాల్‌తోనే సరిపెట్టుకోవాలన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట.

మూడు నెలలు దాటినా కీళ్లు వాచి, ఉదయం లేవగానే గంటల తరబడి బిగుసుకుపోతుంటే దాన్ని ఇక జ్వరం తాలూకు నొప్పి అనుకుని వదిలేయరాదు. కీళ్లవాతంగా మారిందేమో పరీక్షించాలి. అందుకు వేరే మందులున్నాయి. వాటిని నిపుణులే రాయాలి, నిర్ణీత కాలానికొకసారి రక్తపరీక్ష చేయించాలి. పాలెంలోని మనిషి ఇందుకోసం నెల్లూరు వెళ్లాలంటే ఒక రోజు వేట, దారి ఖర్చులు, తోడుగా వచ్చినవారి కూలి పోతాయి. సూది మాత్రం ఊళ్లోనే దొరుకుతుంది. మనిషి దేన్ని ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కర లేదు. ఆర్‌ఎంపీలను తిట్టిపోసినందువల్ల ఈ పరిస్థితి మారదు.

ఇందుకు పూర్తిగా ఎదురు ప్రమాదమూ ఉంది. ప్రతి బాధనూ పాత జ్వరం ఖాతాలో వేయడం. వైరస్ జలుబు తర్వాత దగ్గు సగటున రెండున్నర వారాలు, కొందరిలో ఎనిమిది వారాల దాకా ఉండటం సాధారణమే. వారంలో తగ్గలేదని మందు మీద మందు మార్చేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. కానీ మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు కఫ పరీక్ష తప్పనిసరి, క్షయ కావచ్చు. అలాగే వీడని నీరసం వెనుక రక్తహీనతో, చక్కెర వ్యాధో, థైరాయిడ్ లోపమో ఉండవచ్చు. ఇవన్నీ తక్కువ ఖర్చుతో తేలిపోయే పరీక్షలు. అవి చేశాకే 'జ్వరం తర్వాతి బాధ' అన్న మాట వాడాలి.

ఏడు రోజులతో ఆగిన గడి

2004లో ప్రారంభమైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద క్షేత్రస్థాయి సిబ్బంది నింపే పత్రంలో జ్వరాన్ని ఏడు రోజుల లోపు, ఏడు రోజులకు పైన అని విభజించారు. దగ్గును మూడు వారాల లోపు, పైన అని విభజించారు. మహమ్మారిని ముందుగా పసిగట్టడానికి ఉద్దేశించిన ఏర్పాటు గనుక కొత్త కేసులపైనే దాని దృష్టి. ఆ మేరకు అది సరైనదే. ఆ పత్రాలు ఇప్పుడు కంప్యూటర్లకెక్కినా ఉద్దేశం అదే. జ్వరం వచ్చిన మనిషి మూడు నెలలకు ఎలా ఉన్నాడన్న గడి అందులో లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు.

దీనికి పెద్ద పథకమేదీ అవసరం లేదు. చికున్‌గున్యాగానో, డెంగీగానో నిర్ధారణ అయినవారి పేర్లు ఆరోగ్య కేంద్రంలో ఎలాగూ ఉంటాయి. తొంభయ్యో రోజున ఆశా కార్యకర్త ఆ ఇళ్లకు వెళ్లి, పిడికిలి బిగుస్తోందా, నేల మీద కూర్చుని లేవగలుగుతున్నారా, పనికి పోతున్నారా, వారానికి ఎన్ని నొప్పిబిళ్లలు వేసుకుంటున్నారు అని అడిగి రాసుకుంటే చాలు. ఒక్క మండలంలో ఒక్క ఏడాది ఇలా చేసినా మన తీరానికి వర్తించేది నాలుగు శాతమో, నలభై శాతమో తేలుతుంది. బాధలున్నవారిని నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి నెలకొక నిర్ణీత రోజున పంపే ఏర్పాటు చేస్తే అనవసరపు సూదులూ కొంత తగ్గుతాయి. గ్రామాలకు వచ్చే 104 వాహనంలో రక్తపోటు, చక్కెర మందులు తీసుకునేవారి వరుసలోనే వీరికీ చోటివ్వవచ్చు. ఆశా కార్యకర్తలపై ఇప్పటికే భారం ఎక్కువన్న మాట నిజమే. అందుకు తగిన పారితోషికం నిర్ణయించకుండా ఈ పని అప్పగించడం న్యాయం కాదు.

నవంబరులో జ్వరపడినవారికి ఫిబ్రవరిలో తొంభై రోజులు నిండుతాయి. డెల్టాలో వరికోతలు ముమ్మరమయ్యేది మార్చిలో. వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. కోతకు ఎవరు పోగలరు, నిషేధానికి ముందు మిగిలిన ఆ కొద్ది వారాల వేటకు ఎవరు పోలేరు అన్నది ఫిబ్రవరిలోనే తెలుసుకోవచ్చు.